పాత బండి బీడింగ్ మళ్లీ ఎక్కించడం: క్లిప్పా, డబుల్ టేపా, రివెట్టా?

పెయింటు అయిపోయి బండి షెడ్డులోంచి మెరుస్తూ బయటికి వచ్చాక అందరం తొందరపడేది బీడింగ్ దగ్గరే, అంటే బండి పక్కల వెంబడి మెరిసే లోహపు పట్టీల దగ్గర. మాది 1973 మోడల్ ప్రీమియర్ ప్రెసిడెంట్ కారు. మరుసటి ఏడాదే కంపెనీ ఆ బండికి చిత్తోడ్ రాణి పేరు పెట్టి పద్మిని అంది, అందుకే ఇప్పటికీ ఎవరికి చూపించినా "ఓహో, పద్మినీనా" అంటారు. దాని పక్క పట్టీలు ఎలా బిగించాలని అడిగితే మేస్త్రి ఒక్క మాటలో తేల్చేశారు. "డబుల్ టేపు వేసేద్దామండీ, గంటలో పని." నేనూ సరేనన్నాను. తర్వాత మే నెలలో ఒక మధ్యాహ్నం, ఏలూరు దాటి హైవే ఎక్కాక, వెనక తలుపు పట్టీ ఒక కొస లేచి గాలికి టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. బండి ఆపి చేత్తో పట్టుకుంటే పట్టీ ఊడి వచ్చింది. టేపుతో పాటు అరచేతి మందాన పెయింటు కూడా వచ్చింది.

తప్పు టేపుది కాదని చాలా తర్వాత అర్థమైంది. ఏ పట్టీకి ఏ పద్ధతి అన్నది పట్టీ వెనక ఆకారాన్ని బట్టి, బాడీ రేకు వెనక చెయ్యి దూరుతుందా లేదా అన్నదాన్ని బట్టి తేలుతుంది. ఆ రెండూ పెయింటుకు ముందే చూసుకోవాలి. మేం చూడలేదు.

ముందు అది స్టీలేనా?

మన ఇళ్లలో ఒక లెక్క ఉంది: అయస్కాంతం అంటుకుంటే అది స్టెయిన్‌లెస్ కాదని. బీడింగ్ దగ్గర ఆ లెక్క తప్పుతుంది. బండ్ల పట్టీలకు ఎక్కువగా వాడేది 430 రకం స్టీలు. అందులో క్రోమియం 16 నుంచి 18 శాతం ఉంటుంది, నికెల్ దాదాపు ఉండదు. అది అయస్కాంతానికి గట్టిగానే అంటుకుంటుంది. గిన్నెలకు వాడే 304లో నికెల్ 8 శాతం పైన ఉంటుంది కాబట్టి అంటుకోదు, బాగా వంచిన చోట మాత్రం కాస్త లాగుతుంది. అయస్కాంతానికి అంటుకున్నాయని అసలు పట్టీలను తుక్కులో పడేసి, బజార్లో దొరికే ప్లాస్టిక్ క్రోమ్ చుట్ట తెచ్చి అతికించినవాళ్లను చూశాను. కడుపు తరుక్కుపోతుంది.

అంటుకుంటే రెండే అవకాశాలు. ఒకటి 430, రెండోది మామూలు ఇనుము మీద క్రోమ్ పూత. వెనక్కి తిప్పి కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే తెలిసిపోతుంది. పూతదైతే వెనక తుప్పు పట్టి ఉంటుంది, ముందువైపు పొక్కులు లేచి ఉంటాయి. స్టీలైతే మట్టి పోయాక బూడిదరంగు లోహం శుభ్రంగా కనబడుతుంది. అంటుకోకపోతే చేతిలో బరువు చూడండి. అల్యూమినియం అయితే స్టీలు బరువులో మూడో వంతే ఉంటుంది. దాని పైన ఆనోడైజింగ్ అనే గట్టి పొర ఉంటుంది. ఆ పొర మసకబారితే ఎంత రుద్దినా మెరుపు రాదు. దాన్ని కాస్టిక్ సోడాతో కరిగించి తీశాకే పాలిష్, ఆ తర్వాత మళ్లీ ఆనోడైజింగ్ చేయించాలి, లేకపోతే కొద్ది నెలల్లో మళ్లీ మసక. ఒకే బండి మీద రెండు లోహాలూ ఉండొచ్చు. 1957 షెవర్లే బెల్ ఎయిర్‌లో వెనక రెక్క మీది గీతల పలక అల్యూమినియం, దాని చుట్టూ ఉండే పట్టీ స్టెయిన్‌లెస్. ఇక మన దగ్గర నాలుగైదు చేతులు మారిన బండిలో ఎవరెప్పుడు ఏం మార్చారో దేవుడికే తెలియాలి. కాబట్టి ప్రతి ముక్కనూ విడిగా చూడాల్సిందే. మా బండిలో కుడివైపు నాలుగు ముక్కలూ స్టీలు, ఎడమవైపు ఒకటి అల్యూమినియం.

సొంతంగా పాలిష్ చేయాలా, బఫింగ్ వాళ్లకి ఇవ్వాలా, వేరేది కొనాలా

సొట్టలు లేకుండా సన్నగీతలు మాత్రమే ఉంటే ఇంట్లో చేసుకోవచ్చు. 400 నంబరు నీళ్ల కాగితంతో (తడిపి రుద్దే గరుకు కాగితం) మొదలుపెట్టి 600, 800, 1000 దాకా వెళ్లాలి. ప్రతిసారీ ముందటి గీతలకు అడ్డంగా రుద్దితేనే పాత గీత పోయిందో లేదో కంటికి తెలుస్తుంది. ఆ తర్వాత గట్టి సైసల్ నార చక్రం, చివర మెత్తటి గుడ్డ చక్రం, దానికి ఆకుపచ్చ లేదా తెల్ల సోపు. సొట్ట ఉంటే ముందు వెనకనుంచి, మొన గుండ్రంగా ఉన్న చిన్న పంచితో, గట్టి చెక్క మీద పెట్టి చీమ నడిచినట్టు కొట్టుకుంటూ రావాలి. స్టెయిన్‌లెస్ కొట్టే కొద్దీ గట్టిపడుతుంది కాబట్టి రెండోసారి సరిచేయడం మొదటిసారికన్నా కష్టం.

బఫ్ చక్రంతో ఆటలొద్దు. పట్టీ పైఅంచు చక్రానికి తగిలిందంటే చేతిలోంచి లాక్కుని విసిరేస్తుంది. అప్పుడు పట్టీ ముడుచుకుపోతుంది, చెయ్యి కూడా తెగొచ్చు. పట్టీని చెక్క బద్దకు బిగించి, చక్రం మధ్యగీతకు కింద పట్టుకుని, అంచు మననుంచి దూరంగా తిరిగే వైపే ఉంచాలి. వదులు గ్లౌజులు వేసుకోవద్దు. కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి.

బఫింగ్ షాపుకి ఇస్తే పని ఒక పూటలో అయిపోతుంది, మెరుపూ ఎక్కువే. కానీ వాళ్లకి అలవాటైనవి మెట్ల రెయిలింగులు, గిన్నెలు. పట్టీ మీద ఉన్న సన్నటి అంచుగీత వాళ్ల లెక్కలో గరుకు. దాన్ని కూడా నున్నగా తోసేస్తారు. ఇచ్చేటప్పుడే "ఈ గీత పోకూడదండీ, నీలిరంగు వచ్చేదాకా వేడెక్కకూడదు" అని చూపించి చెప్పాలి. ఇంకో మాట అడగాలి: ఇనుప సామానుకి వాడిన చక్రంతో చేయొద్దని. ఆ చక్రంలో ఇరుక్కున్న ఇనుప రజను స్టెయిన్‌లెస్ మీదికి ఎక్కి, నెల తిరిగేసరికి గోధుమరంగు చుక్కలు తేలతాయి. ఇంట్లో స్టీలు పీచుతో రుద్దినా అదే జరుగుతుంది. నేనైతే సొట్టలు, కాగితం పని ఇంట్లో పూర్తిచేసి, ఆఖరి గుడ్డ చక్రానికి మాత్రమే షాపుకి ఇస్తాను.

అంచు చీలిపోయినా, లోపలి పెదవి విరిగినా పాలిష్ దండగ. సాదా పలక పట్టీ అయితే ఫోల్డింగ్ మిషన్ ఉన్న చోట చేయించుకోవచ్చు. లోపలికి పెదవులు మడిచి, బాడీ ఒంపుతో వంగిన పట్టీని అలా చేయించడం దాదాపు కుదరదు. చెన్నై పుదుపేట, ఢిల్లీ మాయాపురి, ముంబై చోర్ బజార్ తిరగాల్సిందే. ఈ బండికైతే ముంబై వైపే మొదట వెతకమంటాను. తయారైంది కుర్లాలో, 2023 అక్టోబరు దాకా టాక్సీలుగా తిరిగింది కూడా ఆ ఊళ్లోనే. కొనేటప్పుడు ఎడమ, కుడి చూసుకోండి. ఫోటోలో రెండూ ఒకేలా ఉంటాయి.

బిగించే పద్ధతులు

అసలు తేల్చుకోవాల్సింది ఇక్కడే. పట్టీని తిప్పి అడ్డకోత ఎలా ఉందో చూడండి. పాత బండ్ల పట్టీల్లో ఎక్కువ భాగం లోపల బోలుగా ఉంటాయి, రెండు అంచులూ లోపలికి పెదవుల్లా మడిచి ఉంటాయి. ఆ పెదవులు క్లిప్పు కోసం పెట్టినవే. వెనక చదునుగా ఉన్న పట్టీ వేరే జాతి. ఈ తేడా గమనించకపోతే మిగతా సలహాలన్నీ వృథా.

బోలు పట్టీకి నా ఓటు స్ప్రింగు స్టీలు క్లిప్పుకే. జానెడుకొకటి చొప్పున రేకు రంధ్రంలో కూర్చుంటుంది. పట్టీ పైపెదవిని తగిలించి కింద అరచేత్తో నొక్కితే టక్కుమని పడుతుంది. మళ్లీ తీయాలంటే ప్లాస్టిక్ చీలతో కిందనుంచి లేపితే చాలు. పెయింటు మళ్లీ వేయాల్సి వచ్చినా, తలుపు సొట్ట తీయాల్సి వచ్చినా పట్టీ చెక్కుచెదరకుండా బయటికి వస్తుంది. పాత బండికి ఇంతకన్నా పెద్ద సుఖం లేదు. కొసల్లో మాత్రం బోల్టు ఉన్న క్లిప్పు, వెనక నట్టు పెట్టాలి, ఎందుకంటే గాలి, కడిగేవాళ్ల గుడ్డ, పిల్లల వేళ్లు అన్నీ పట్టుకునేది కొసనే. తలుపుల్లో లోపలి అట్ట తీస్తే నట్టుకి చెయ్యి అందుతుంది.

దీనికున్న దోషం తుప్పు, అది చిన్న దోషం కాదు. రంధ్రం అంచున పెయింటు గీసుకుపోతే మామూలు ఇనుము బయటపడుతుంది. పక్కనే బారెడు స్టెయిన్‌లెస్ ఉంటుంది. మధ్యలో వాననీళ్లు నిలిస్తే రెండు లోహాలూ కలిసి చిన్న బ్యాటరీ అయిపోతాయి. అందులో కరిగిపోయేది ఇనుమే. పైగా బయటపడ్డ ఇనుము ఆవగింజంత, ఎదురుగా ఉన్న స్టీలు గజం పొడవు కాబట్టి ఆ ఆవగింజ మీదే భారమంతా పడి త్వరగా తినేస్తుంది. పాత బండ్లలో బీడింగ్ వెంబడే వరసగా తుప్పు పొక్కులు లేచేది ఇందుకే. విరుగుడు సులువు, ఓపిక కావాలి అంతే. పెయింటుకు ముందే ప్రతి రంధ్రం అంచుకీ, వెనకవైపుకీ సన్న కుంచెతో ఎపాక్సీ ప్రైమర్ పెట్టాలి. బిగించేటప్పుడు క్లిప్పు చుట్టూ బ్యూటైల్ టేపు (నీళ్లు దిగకుండా ఆపే జిగురు రబ్బరు) చిన్న రింగులా అద్దాలి. చివరికి తలుపు లోపలినుంచి మైనం స్ప్రే కొట్టాలి. వైజాగ్, బందరు లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఇది వదిలేస్తే మీ ఇష్టం. అక్కడ 430 పట్టీ మీద కూడా టీ మరకల్లాంటివి వస్తాయి, నెలకోసారి మంచినీళ్లతో కడగాలి.

క్లిప్పు కొనడానికి వెళ్లేటప్పుడు బండి పేరు చెబితే లాభం లేదు. వెర్నియర్ అనే కొలత పరికరంతో నాలుగు కొలతలు రాసుకుని వెళ్లండి: పెదవుల లోపలి వెడల్పు, పెదవి మందం, రేకు రంధ్రం వ్యాసం, పట్టీకీ బాడీకీ మధ్య ఉండాల్సిన ఎడం. విజయవాడ ఆటోనగర్‌లో అయినా, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అయినా కౌంటర్ దగ్గర ఓపిగ్గా నిలబడి వెతికించుకుంటే కొలతకి దగ్గరగా ఏదో ఒకటి దొరుకుతుంది. పాత క్లిప్పు ఒకటి జేబులో ఉంటే ఇంకా మేలు.

ఇప్పటి బండ్లకు వచ్చే నైలాన్ క్లిప్పులు అందరూ చెప్పే రెండో దారి. తుప్పు బాధ లేదు, పెయింటు గీసుకోదు, చవక. మరి ఎందుకు మొదటి స్థానం ఇవ్వలేదంటే, అవి పాత పట్టీ కోసం పుట్టినవి కావు. ఎత్తు ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా వస్తే పట్టీకీ బాడీకీ మధ్య నల్లటి సందు కనిపిస్తుంది, ఆ సందు పక్క తలుపు దాకా సమానంగా ఉండదు. ఎండకి పెళుసుబారితే పట్టీ తీసే రోజున తల విరిగి లోపల పడుతుంది. కొలత కచ్చితంగా కుదిరితే మాత్రం, ముఖ్యంగా సముద్రం దగ్గర ఊళ్లలో, నేనూ నైలానే వాడతాను.

ఇక డబుల్ టేపు. వీహెచ్‌బీ లాంటి మంచి అక్రిలిక్ ఫోమ్ టేపుని తక్కువ అంచనా వేయొద్దు. వెనక చదునైన పట్టీకి, పేరు అక్షరాలకి, రంధ్రాలు పూడ్చేసిన బాడీకి అదే సరైనది. రంధ్రం లేదు కాబట్టి తుప్పు లేదు, ఫోమ్ రెండు లోహాల్నీ విడదీసే ఉంచుతుంది. కానీ దానికి మూడు షరతులు. మొదటిది, టేపు పట్టు దాని కిందున్న పెయింటు పట్టుని మించదు. మా బండికి జరిగింది అదే: పాత లప్పం మీద కొత్త రంగు, దాని మీద టేపు. టేపు రంగుని గట్టిగానే పట్టుకుంది, రంగే లప్పాన్ని వదిలేసింది. రెండోది, పట్టీ తనంతట తాను బాడీ ఒంపు మీద పడుకోవాలి. వేలితో నొక్కితేనే ఆనేలా ఉంటే ఆ స్ప్రింగు బలం రాత్రీపగలూ టేపుని లాగుతూనే ఉంటుంది, ఎండాకాలం మధ్యాహ్నం ఏదో ఒక రోజు గెలుస్తుంది. మూడోది, బోలు పట్టీకి టేపు ఆనేది రెండు సన్నటి అంచుల మీదే. అది చాలదని లోపల ఏదో ముద్ద నింపి దాని మీద టేపు వేస్తారు. మాకూ అలాగే వేశారు. ఆ తర్వాత ఆ పట్టీ ఇంక ఏ క్లిప్పుకీ పనికిరాదు. లోపలి ముద్ద గీకి తీయడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది.

టేపే వాడాలనుకుంటే తొందర వదిలేయండి. కొత్త పెయింటుకి కనీసం నెల గడువివ్వండి, లోపలి థిన్నరు పూర్తిగా ఆరాలి. పట్టీ వెనక బఫింగ్ సోపు జిడ్డు మిగిలి ఉంటుంది, ముందు అది పోగొట్టాలి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపి రెండు వైపులా తుడవాలి. అతికించి గట్టిగా నొక్కాక 20 నిమిషాల్లో సగం పట్టు, ఒక రోజుకి 90 శాతం, 72 గంటలకి పూర్తి పట్టు వస్తుంది. ఆ మూడు రోజులూ బండి కడగొద్దు. తీయాల్సి వస్తే హాట్ గన్‌తో వెచ్చచేసి, గాలం దారం రంపంలా లాగుతూ కోయాలి.

ఎండకి పట్టీ సాగి టేపు ఊడుతుందని కొందరంటారు. లెక్క వేసి చూశాను. మీటరు పొడవున్న 304 పట్టీ, 40 డిగ్రీల తేడాకి, బాడీ రేకు కన్నా 0.2 మిల్లీమీటరే ఎక్కువ సాగుతుంది. అల్యూమినియం అయితే 0.4 పైన. 430 అయితే రేకుతో దాదాపు సమానం. కాబట్టి అంత సన్న తేడాకి ఫోమ్ ఓర్చుకుంటుంది. సాగడం కాదు శత్రువు, బలవంతంగా వంచడం.

సిలికాన్ జోలికి పోవద్దు. వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, ఎక్కడైనా ఇనుము బయటపడి ఉంటే తుప్పుకి అదే మొదలు. పైగా సిలికాన్ తగిలిన చోట రేపు రంగు వేస్తే చేపకళ్లలా గుంటలు లేస్తాయి, పెయింటర్ మిమ్మల్నే తిడతాడు. అద్దాలు అతికించే పీయూ (పాలీయురెథేన్) జిగురు ఆ పని చేయదు గానీ, ఒకసారి పట్టాక పట్టీ ముక్కలుగానే వస్తుంది.

రివెట్టు అనగానే నేనూ ముఖం చిట్లించేవాణ్ణి. పట్టీ మీదనుంచే రంధ్రం కొట్టి రివెట్టు వేయడం, సెల్ఫ్ స్క్రూ బిగించడం పాడు పనే, సందేహం లేదు. కానీ రివెట్టుని పట్టీకి కాకుండా క్లిప్పుకి వేయొచ్చు. వెనక రెక్కలోనో, తలుపుల కింద ఉండే సిల్ దగ్గరో రేకు వెనక చెయ్యి దూరని మూసిన పెట్టెలా ఉంటుంది. అక్కడ పలుచటి క్లిప్పుని బయటినుంచి పాప్ రివెట్టుతో బాడీకి బిగించి, దాని మీద పట్టీని టక్కుమనిపిస్తే రివెట్టు కనబడనే కనబడదు. తల పల్చగా ఉన్న రివెట్టు తీసుకోవాలి, లేకపోతే పట్టీ దాని మీద ఎక్కి కూర్చుంటుంది. రివెట్టు ముంచి తీయడానికి కాస్త ప్రైమర్ దగ్గర పెట్టుకోండి.

కాబట్టి మా బండి మీద ఇప్పుడున్నది ఒక్క పద్ధతి కాదు. నాలుగు తలుపులకీ స్ప్రింగు క్లిప్పులు, కొసల్లో బోల్టులు. వెనక రెక్కలకి రివెట్టు మీద క్లిప్పు. డిక్కీ మీది పేరుకి టేపు. అద్దం చుట్టూ ఉండేది వేరే కథ. రబ్బరు గాడిలోకి దిగే రకం అయితే అద్దం బండికి ఎక్కించకముందే, బల్ల మీదే, సబ్బునీళ్లు రాసి రబ్బరులోకి దింపేయాలి. బండి మీద పెట్టాక దింపుదామనుకుంటే పట్టీ వంకరపోతుంది, లేదా అద్దం పగులుతుంది.

ఎక్కించే వరస

పెయింటుకు ముందు అన్ని పట్టీలూ ఒకసారి ఉత్తినే ఎక్కించి చూడండి. అప్పుడే పనికిరాని పాత రంధ్రాలు వెల్డింగ్‌తో పూడ్చొచ్చు, కొత్తవి కొట్టొచ్చు. పెయింటు అయ్యాక డ్రిల్లు పట్టుకోవడమంటే ఒక్క జారుకి బారెడు గీత. లప్పం మందంగా పడిన చోట క్లిప్పు కాలు అందకపోవడం కూడా ముందే తెలుస్తుంది.

తర్వాత గోడ కట్టే మేస్త్రిలా దారం లాగాలి. ముందు మడ్‌గార్డు నుంచి వెనక దాకా దారం కట్టి, తలుపులు మూసి, ముందు తలుపు పట్టీతో మొదలుపెట్టండి. మనిషి కన్ను ముందు పడేది అక్కడే. దానికి మిగతావి కలుపుకుంటూ పోవాలి. అంచుల్లో పెయింటు మీద మాస్కింగ్ టేపు రెండు పొరలు వేయండి, ఇద్దరు మనుషులు ఉండాలి. తలుపు పట్టీ ముందు కొస దగ్గర ఎడం ఎంత వదలాలో తలుపు మెల్లగా తెరిచి చూశాకే తేల్చుకోండి. తలుపు తెరుచుకునేటప్పుడు ఆ కొస మడ్‌గార్డు వైపుకి లోపలికి తిరుగుతుంది. నేను మూసి ఉన్నప్పుడు సందు చూసి చాలనుకున్నాను. మొదటిసారి తలుపు తెరవగానే కర్రుమని చప్పుడు, కొత్త రంగు మీద చంద్రవంక. ఆ తర్వాత పట్టీని మూడు మిల్లీమీటర్లు వెనక్కి జరిపాను, బోల్టు రంధ్రం పొడవుగా ఆకురాయితో రుద్ది.

మొదటి పెద్ద వాన పడ్డ మర్నాడు తలుపుల లోపలి అట్టలు తీసి, టార్చి వేసి చూడండి. ఏ క్లిప్పు కిందనుంచి నీటిచార దిగిందో కనిపిస్తుంది. ఆ ఒక్కదాన్ని విప్పి మళ్లీ బ్యూటైల్ పెట్టండి. మాకు రెండు చోట్ల దిగింది, రెండూ కుడివైపు వెనక తలుపులోనే.